రంగం వెళ్లొచ్చిన మాస్టారు

జోగారావు మాస్టారిది కొల్లేటి మధ్య లంక. చేపలు పట్టే ఇళ్లలో పుట్టి, ట్రైనింగు పాసై, ఏలూరులో బడిపంతులు ఉద్యోగం సంపాదించిన మొదటివాడు ఆయనే. సెలవులకి లంకకి వస్తే ముసలివాళ్లు కూడా నోట్లో చుట్ట తీసేసి "రండి మాస్టారూ" అనేవారు. ఆ మర్యాదంటే ఆయనకి ప్రాణం. పైకి చెప్పేవారు కాదు గానీ, ఎవరైనా పాత అలవాటున "ఒరే జోగీ" అంటే ఆ పూటంతా ముఖం ముడుచుకునేవారు.

వెయ్యిన్నీ తొమ్మిదివందల ముప్పై మొదట్లో హెడ్మాస్టరు నరసింహరాజు గారికి ఒక ఆలోచన పుట్టింది. తమ బడికి రంగంలో ఉన్న ఒక తెలుగు బడితో చుట్టరికం కలపాలని. రంగూనుని మనవాళ్లు రంగమనే అనేవారు. అక్కడి బియ్యం మిల్లులకీ, రేవుకీ కూలికి మనుషులు వెళ్లని ఊరు ఈ చుట్టుపక్కల లేదు. వాళ్ల పిల్లల కోసం తెలుగు వర్తకులు పెట్టిన బడి అది. ఇక్కడి పిల్లలూ అక్కడి పిల్లలూ ఉత్తరాలు రాసుకోవాలి, పంతుళ్లు ఏటా వస్తూ పోతూ ఉండాలి. మొదటి ప్రయాణానికి రాజు గారు తనకి తోడుగా జోగారావుని ఎంచారు.

ఆ సంగతి లంకలో పొక్కగానే జనం మాస్టారింటికి వచ్చిపడ్డారు. మావాణ్ణి చూసి రండి అని ఒకరు, ఈ ఎండుచేపల మూట ఇచ్చి రండి అని ఒకరు. అందరూ వెళ్లిపోయాక గంగమ్మ వచ్చింది. ఆమె తమ్ముడు జగ్గయ్య రంగం రేవులో పడవల మీద బస్తాలు మోస్తున్నాడు. వాళ్లమ్మ మరిడమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకు తిరిగి ఆ ఇద్దరినీ పెంచింది. ఆ తల్లి ఇంటికి పెంకు కప్పించాలనే వాడు సముద్రం దాటాడు. తల్లేమో పుష్యమాసంలో జ్వరంతో పోయింది. వాడికి ఇంకా తెలియదు.

"ఉత్తరం రాయిస్తే ఎవరో నలుగురిలో గడగడా చదివి పడేస్తారండీ," అంది గంగమ్మ. "మీరు వాణ్ణి దగ్గర కూర్చోబెట్టి చెప్పండి. మీతోపాటు తీసుకొచ్చేయండి. ఇంకెవరి కోసమండీ ఆ బరువులు?"

అది నా పూచీ అన్నారు మాస్టారు. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నారు.

కాకినాడలో ఓడెక్కి రంగంలో దిగారు. బడి పిల్లలు దండలతో ఎదురొచ్చారు. కొల్లేటి తుంగతో మన పిల్లలు అల్లిన చాపలు చూసి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు. ఒక చిన్నపిల్ల, మీ ఊళ్లో అందరూ తెలుగే మాట్లాడతారా అని అడిగింది. మాస్టారికి కళ్లు చెమర్చాయి. ఆ తర్వాత రోజుకొకరింట విందు, పూటకొక సభ. రాజు గారికి ఉపన్యాసమంటే భోజనం కన్నా ఇష్టం, ఆయన పక్కన కుర్చీ మాస్టారిది. జగ్గయ్య దగ్గరికి రేపు, రేపు అనుకుంటూనే తిరుగు ప్రయాణం దగ్గరకొచ్చేసింది.

రేపు ఓడ అనగా రేవుకి పరుగెత్తారు. జగ్గయ్య పడవలో నిలబడి బస్తాలు అందిస్తున్నాడు. మాస్టారిని చూడగానే వాడి ముఖం విప్పారింది.

"మా అమ్మ బావుందాండీ?"

కొల్లేటి వాళ్లకి ఒక కట్టడి ఉంది. నీళ్లమీద ఉన్నవాడికి చావుకబురు చెప్పకూడదు. గట్టెక్కించి, కాళ్లు కడుక్కోనిచ్చి, కూర్చోబెట్టి చెప్పాలి. ఎన్ని చదువులు చదివినా అది మాస్టారి ఒంట్లోంచి పోలేదు.

"బాగానే ఉంది. సాయంత్రం బడి దగ్గరికి రా, మాట్లాడాలి," అన్నారు.

జగ్గయ్య వచ్చాడు. తలుపు దగ్గర నిలబడ్డాడు. మాస్టారు మెడలో పూలదండతో వేదిక మీద ఉన్నారు. వాణ్ణి చూశారు కూడా. వీడ్కోలు సభ మధ్యలో లేస్తే ఏం బావుంటుంది, అయ్యాక చెబుదామనుకున్నారు. రాజు గారు ఉపన్యాసం ఆపలేదు. వాడికి రాత్రి పనివేళ అయింది, వెళ్లిపోయాడు.

తిరిగి లంకలో దిగేసరికి గట్టంతా జనం. గంగమ్మ అందరికన్నా ముందుంది.

"చెప్పారాండీ?"

తీరిక లేక చెప్పలేదని అంతమందిలో ఎలా అంటారు? "చెప్పానమ్మా," అన్నారు.

"ఏడ్చాడాండీ?"

"ఏడ్చాడు. పని తెముల్చుకుని వస్తానన్నాడు."

గంగమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. ఆ రాత్రి ఆమె కడుపునిండా తిందని తర్వాత ఎవరో అన్నారు. రంగం బడి పంతులుకి రాసి కబురు చెప్పిద్దామని మాస్టారు అనుకోకపోలేదు. తీరా కలం పట్టుకుంటే సిగ్గు అడ్డొచ్చేది. అలా నెలలు గడిచిపోయాయి.

ఆ వేసవిలో రంగం రేవులో అక్కడి కూలీలకీ మన కూలీలకీ మధ్య కొట్లాటలు రేగాయి. మనవాళ్లు చాలామంది పోయారు. బతికినవాళ్లలో చాలామంది దొరికిన ఓడెక్కి వచ్చేశారు. రెండు బళ్ల చుట్టరికం మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

జగ్గయ్య బతికే వచ్చాడు. మాస్టారు సెలవులకి లంకలోనే ఉన్నారు. పడవ ఒడ్డుకి రాకముందే వాడు లేచి నిలబడి "అమ్మా" అని కేకేశాడు. గట్టుమీద ఉన్న గంగమ్మ తమ్ముణ్ణి చూడలేదు, మాస్టారి వైపు చూసింది. తర్వాత వాణ్ణి దింపి, కాళ్లమీద నీళ్లు పోసి, పక్కన కూర్చుని తనే చెప్పింది.

జగ్గయ్య మాస్టారిని ఒక్క మాట అనలేదు. బస్తాల సందున దాక్కున్న రోజుల్లో అమ్మ ఎదురుచూస్తోందనే ఊపిరి బిగబట్టుకున్నానండీ అని మాత్రం అన్నాడు. ఆ మాటకి మాస్టారు తలెత్తలేకపోయారు. మర్నాడు గంగమ్మ ఇంటికెళ్లి, ఆనాడు వాడు నీళ్లమీద ఉన్నాడమ్మా అని మొదలుపెట్టారు.

"వాడు నీళ్లమీద ఉన్నాడండీ, ఒప్పుకుంటాను," అంది గంగమ్మ. "నేను గట్టుమీదే ఉన్నాను కదండీ."

ఆమె గొంతు పెంచలేదు. కూర్చోమని పీట కూడా వేసింది. మాస్టారు కూర్చోలేకపోయారు. ఆ తర్వాత కూడా లంకలో పెద్దవాళ్లు ఆయన్ని చూసి చుట్ట తీసేస్తూనే ఉన్నారు, మర్యాదకేం లోటు రాలేదు. కబురు మాత్రం ఎవరూ ఆయన చేత పంపలేదు.