అయ్యగారిని తీసుకురావడానికి కొల్లేటి లంకకు

ఉదయం ఆరుంబావుకి ఏలూరు బస్టాండులో కొల్లేటి వైపు వెళ్లే మొదటి బస్సెక్కాను. నేను కథలు పెంచి చెప్పే మనిషినని మా వైపు అందరికీ తెలుసు. అందుకే ముందే చెబుతున్నాను. ఈ ప్రయాణంలో ఒక్క కిలోమీటరు కూడా పెంచలేదు.

మా అక్క తాడేపల్లిగూడెం దగ్గర ఒక పల్లెలో మంచాన పడింది. ఆసుపత్రి వాళ్లు ఇంటికి తీసుకెళ్లిపొమ్మన్నారు. అక్క ఒక్కటే అడిగింది. "అయ్యగారి చేత నాకు ప్రభు భోజనం ఇప్పించరా." వాళ్లది లూథరన్ సంఘం. ఎనిమిది నెలలుగా పాస్టరు లేరు. పెద్దలు వాక్యం చదువుతారు, పాటలు పాడతారు. రొట్టె, ద్రాక్షారసం ఇవ్వడం మాత్రం పాస్టరు గారి పని. ఉన్న అయ్యగారు తానే బదిలీ అడిగి కొల్లేటి లంకకు వెళ్లిపోయారు. వెళ్లింది నా వల్లే. అది అక్కకి తెలియదు, ఆయనకీ తెలియదు.

అంతకుముందు ఏడు వాళ్ల కోత పండుగ భోజనాల దగ్గర ఒక కథ చెప్పాను. అయ్యగారి ప్రార్థన కాస్త పొడుగే. "చెరువులో చేపపిల్లల్ని వదులుతుంటే అయ్యగారు గట్టు మీద ప్రార్థన మొదలెట్టారండీ. ఆమెన్ అనేసరికి చేపలు కేజీన్నరకి ఎదిగి, పక్కన ఐసు లారీ ఆగి ఉంది!" విస్తళ్ల ముందు ఒకటే నవ్వులు. ఆ తరవాత గుడిలో ఆయన కళ్లు మూసుకుంటే చాలు, వెనక నుంచి ఎవరో ఒకరు నోటితో లారీ హారను కొట్టేవారట. ఆయన ప్రార్థనలు తగ్గించేశారు. ఇళ్లకు రావడం తగ్గించారు. చివరికి వెళ్లిపోయారు.

ఏడున్నరకి బస్సు దిగి పడవెక్కాను, ఐదు రూపాయలు. సర్కారు కొల్లేట్లో చేపల చెరువుల గట్లు పగలగొట్టించిన మరుసటి చలికాలమది. నీళ్ల మధ్య అక్కడక్కడ మట్టి దిబ్బలు మిగిలున్నాయి.

"ఎవరింటికండీ?" అన్నాడు పడవతను.

"పాస్టరు గారింటికి."

"ఆ లారీ అయ్యగారేనా!" అని గెడ ఆపి, నా కథ నాకే చెప్పాడు. అతని లెక్కలో లారీలు మూడు. "అదేంటండీ, మీరు నవ్వరు?"

ఎదురుగా బుట్ట పెట్టుకుని కూర్చున్నావిడ అతన్ని కసిరింది. "చాల్లే ఊరుకో. మా పెద్దాడికి జ్వరం ముదిరితే మూడు రాత్రులు మా ఇంట్లోనే కూర్చున్నారు అయ్యగారు. నువ్వొచ్చావా?"

లంక దగ్గర దిగేటప్పుడు ఆవిడ బుట్ట నేనే ఒడ్డుకి అందించాను.

ఎనిమిదిన్నరకి వెళ్లేసరికి అయ్యగారు అరుగు మీద ఒక చంటిబిడ్డ తల్లి కోసం ప్రార్థిస్తున్నారు. రెండు మాటల్లో ఆమెన్ అనేశారు. ప్రార్థన ఇంకా ఉందనుకుని ఆ తల్లి కళ్లు మూసుకునే ఉంది.

అక్క సంగతి చెప్పాను. "రైలు ఎన్నింటికండీ?" అన్నారు. అంతకుమించి ఏమీ అడగలేదు. రొట్టె, ద్రాక్షారసం, తెల్ల అంగీ సంచిలో పెట్టుకున్నారు. అమ్మగారు అన్నం డబ్బా ఇచ్చారు.

పన్నెండింటికి ఏలూరులో పాసింజరెక్కాం. ఆయన డబ్బాలోంచి సగం పప్పన్నం మూత మీద పెట్టి నా వైపు జరిపారు. నేను ఆ మూత అలాగే ఒళ్లో పెట్టుకున్నాను.

రెండుంబావుకి అక్క మంచం దగ్గరున్నాం. ప్రభు భోజనం తీసుకునేవాళ్లు ముందుగా పాస్టరుకి పేరివ్వడం ఆ సంఘంలో పాత అలవాటు. ఆయన చిన్న పుస్తకం తీసి అక్క పేరు రాసుకున్నారు. "మీ పేరు కూడా రాయమంటారాండీ?"

అప్పుడిక దాచలేకపోయాను. "ఆ లారీ కథ కట్టింది నేనేనండీ, అయ్యగారూ."

"నువ్వట్రా?" అంది అక్క. మొహం గోడ వైపు తిప్పుకుంది.

ఆయన పెన్ను మూత పెట్టేశారు. "ఇన్నాళ్లూ అది కట్టింది ఈ సంఘంలోని రత్నం గారబ్బాయి అనుకున్నానండీ. వాడు వందనాలంటే మొహం తిప్పుకున్నాను. పెళ్లికి పిలిస్తే వెళ్లలేదు." తలెత్తి నన్ను చూశారు. "నాకు కష్టంగానే ఉందండీ. లేదని అబద్ధం చెప్పలేను."

అయినా మూత తీసి నా పేరు రాశారు. అంగీ వేసుకున్నారు. అక్కా నేనూ పాపాలు ఒప్పుకున్నాం. ఆయన అక్క తల మీద, తరవాత నా తల మీద చెయ్యి పెట్టి, తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో క్షమాపణ ప్రకటించారు. ఆయన సొంత క్షమాపణే అయితే ఆ పూట నాకు దొరికేది కాదు. తనను పంపిన ప్రభువు మాట కాబట్టి, మనసు ఇంకా మండుతున్నా, ఒక్క అక్షరం తగ్గించకుండా ఇచ్చారు. అలాంటి మనిషిని దేవుడు ఆ సంఘానికిస్తే, విస్తళ్ల ముందు నవ్వుల కోసం నేను పోగొట్టాను.

రొట్టె తీసుకున్నాక ఆయన రెండు మాటల ప్రార్థన చేసి ఆమెన్ అన్నారు.

"ఇంకా చెయ్యండి అయ్యగారూ," అంది అక్క. "నాకేం తొందర లేదు."

ఆయన మళ్లీ కళ్లు మూసుకున్నారు. ఎంతసేపు చేశారో నేను చెప్పను.

బయలుదేరుతుంటే అక్క నా చెయ్యి పట్టుకుంది. "మళ్లీ ఎప్పుడొస్తావో నిజం చెప్పి వెళ్లు."

"ఎల్లుండి పొద్దున్నే వస్తానక్కా."

ఐదున్నర బండికి తిరిగొస్తుంటే అయ్యగారు సంచిలో అంగీ మడతపెట్టుకున్నారు. తరవాత అడిగారు. "రత్నం గారబ్బాయి ఏలూరులోనే కదండీ?"

"పవర్‌పేట స్టేషన్ దగ్గర అద్దెకుంటున్నాడండీ."

"అయితే అక్కడే దిగుదాం. మీరూ రావాలి."

స్టేషన్ నుంచి నడిచే దారిలో నేను ముందు, ఆయన వెనక. మెట్ల దగ్గర నన్నాపారు. "ముందు నా వంతండీ. తరవాత మీరు చెప్పండి, పెంచకుండా."

తలుపు తీసింది ఆ అబ్బాయే. అయ్యగారిని చూసి కంగారుగా చేతులెత్తబోయాడు. అతనికంటే ముందే అయ్యగారు చేతులు జోడించారు. నేను కింది మెట్టు మీద నిలబడి నా వంతు కోసం ఎదురుచూశాను.