సర్టిఫికెట్ ఉన్న ఆవు

కర్నూలు నుంచి వెళ్లి, సామర్లకోట దగ్గర ఒక సేంద్రియ డెయిరీ చూశాను. షెడ్డులో ఒక ఆవు పొదుగు వాచి, నొప్పికి వణుకుతోంది. ఇంజెక్షన్ చేయిస్తే సేంద్రియ సర్టిఫికెట్ పోతుందని యజమాని మూడు రోజులుగా పసుపు పూయించి ఊరుకున్నాడట. నాకు ఒళ్లు మండింది. నేను నోరు తెరిచేలోపే పాలు పితికే మరియమ్మ ఆయనకు ఎదురుగా నిలబడింది.

"మీ పాపకి జ్వరమొస్తే ఇలాగే ఊరుకుంటారేంటండి? డాక్టరుగారికి నేనే ఫోన్ చేశానండి. కొన్నాళ్లు దీని పాలు అమ్మకండి. నన్ను పని మాన్పిస్తే మాన్పించండి."

మా వైపు కోపమొస్తే ముందు పోయేది మర్యాదే. ఆమె ఒక్క 'అండి' కూడా వదల్లేదు. యజమాని ముఖం మాడిపోయింది. డాక్టరు వచ్చి సూది వేశాక, యజమాని నవ్వుతూ నాకు పాలసీసా ఇవ్వబోయాడు. నేను చేయి చాపలేదు.