నాలుగు మూలలా పసుపు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం లేదు. ఇప్పుడు తలుచుకుంటే భయమేస్తుంది గానీ, తెనాలిలో ఒక కంప్యూటర్ సర్వీసు షాపులో చేరిన ఆర్నెల్లకే మెడలో పెన్‌డ్రైవ్, జేబులో చిన్న స్క్రూడ్రైవరు లేకుండా గడప దాటేవాణ్ణి కాదు. పెళ్లిళ్లకూ అదే వేషం. (భోజనాల దగ్గర ఎవరి ఫోనైనా ఆగిపోకపోతుందా అని ఆశ.) మా ఓనరు మాత్రం రోజూ ఒకే పాట పాడేవాడు. "ఏది ముట్టుకున్నా ముందు డేటా సంగతి అడగరా" అని. అది ఆయన చాదస్తమని నా గట్టి నమ్మకం.

అలాంటి దశలో మా పెదనాన్న కూతురు, మేమంతా అక్క అని పిలిచే మనిషి, తన ల్యాప్‌టాప్ తెచ్చి నా చేతిలో పెట్టింది. బాపట్లలో రూమ్ తీసుకుని వరిలో దోమపోటు మీద థీసిస్ రాస్తోంది. సోమవారం మధ్యాహ్నంలోగా అప్పగించాలి, తప్పితే మరో ఆరు నెలలు ఆగాలి. "తెర మీద మాటిమాటికీ ఏదో మెసేజ్ వస్తోందిరా. అది రాకుండా చెయ్యి, చాలు" అని చెప్పి శుక్రవారం సాయంత్రం రైలుకి వెళ్లిపోయింది. ఆ మెసేజ్ ఏమిటంటే, కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోవడానికి ఈ కంప్యూటర్‌కు అర్హత లేదట. దాన్ని ఆపడం రెండు నిమిషాల పని. కానీ నా చేతిలో ఉండగా మా అక్క కంప్యూటర్‌కు అర్హత లేకపోవడమేమిటని నాకు పౌరుషం పొడుచుకొచ్చింది.

వెతికితే లోపం దొరికింది. మదర్‌బోర్డు మీద భద్రత చూసే చిన్న చిప్పు ఒకటి ఉంటుంది. కొత్త సిస్టమ్‌కు ఆ చిప్పు కొత్త తరంది కావాలి, అక్కది పాత తరంలో నడుస్తోంది. కంపెనీవాళ్ల అప్‌డేట్ వేస్తే అదే చిప్పు కొత్త తరానికి మారుతుంది. శనివారం పొద్దున్నే వేశాను. చిప్పు మారింది. మారుతూ మారుతూ అప్పటిదాకా దాచుకున్నదంతా మరిచిపోయింది. అది దాచుకున్నది మరేదో కాదు, డ్రైవ్ తాళం. పరిశోధన సమాచారం బయటికి పోకూడదని అక్క వాళ్ల గైడు డ్రైవ్ మొత్తం ఎన్‌క్రిప్ట్ చేయించాడట. నేను అడగలేదు, అక్క చెప్పలేదు. తెర నీలంగా మారి, నలభై ఎనిమిది అంకెల రికవరీ కీ కొట్టమంది. మా ఓనరు వచ్చి చూసి, "ముందు ఎన్‌క్రిప్షన్ ఆపి కదరా చిప్పు జోలికెళ్లాల్సింది" అని టీ తాగడానికి వెళ్లిపోయాడు.

అక్కకి ఫోన్ చేశాను. తిడితే బాగుండేది, తిట్టలేదు. "చివరి రెండు చాప్టర్లూ అందులోనే ఉన్నాయిరా" అంది, అంతే. నాకు ఏడుపొచ్చింది. కాసేపటికి తనే, "కీ ఒక కార్డు మీద రాసుకున్నాను. దసరాకి వెళ్లినప్పుడు రేపల్లెలో అమ్మకి దాచమని ఇచ్చాను" అంది. ఆదివారం పొద్దున్నే ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని రేపల్లె రైలెక్కాను. నేను వెళ్లేసరికే అక్క బాపట్ల నుంచి బస్సులో వచ్చి వసారాలో కూర్చుని ఉంది. నా వైపు చూడలేదు.

పెద్దమ్మ కార్డు భద్రంగానే దాచింది, దేవుడి గూట్లో. ఆయుధపూజ రోజు స్కూటరుకీ, మిక్సీకీ, ల్యాప్‌టాప్‌కీ బొట్టు పెట్టి, ఈ కార్డు సంగతి గుర్తొచ్చిందట. "తాళం అని చెప్పింది కదరా, మంచిదని నాలుగు మూలలా పసుపు రాశాను" అంది. శుభలేఖకి రాసినట్టు, తడి పసుపు, వేలి నిండా తీసుకుని. అక్క అంకెల్ని ఆరేసి చొప్పున ఎనిమిది గుంపులుగా, నాలుగేసి గుంపులు రెండు వరసల్లో, జెల్ పెన్నుతో అంచుల దాకా రాసింది. మూలకొకటి చొప్పున నాలుగు అంకెలు పసుపులో కలిసిపోయాయి. పెద్దమ్మ మొహం పాలిపోయింది. "నాకేం తెలుసురా, నాలుగు చుక్కలే పెట్టాను" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నేను గోడకి చేరగిలబడి, ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి, షాపులో ఎక్కడో చదివిన ముక్క చెప్పాను. ఈ ఆరంకెల గుంపులు ఊరికే వేసినవి కావనీ, తప్పు కొడితే పట్టుకోవడానికి ప్రతి గుంపూ పదకొండుతో నిశ్శేషంగా భాగించబడేట్టు చేస్తారనీ. పేపరు చదువుకుంటున్న పెదనాన్న పేపరు మడిచారు. ఆయన లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. ఏడో తరగతిలో నాకు చెప్పింది ఆయనే. పదకొండు సూత్రం దగ్గర నేను తప్పని రోజు లేదు.

"ఇటివ్వరా" అని కార్డు తీసుకుని, కళ్లజోడు సర్దుకుని, పేపరు అంచు మీద లెక్క మొదలుపెట్టారు. ఒకటి విడిచి ఒకటి కూడడం, రెండు మొత్తాల తేడా చూడడం. మూడు అంకెలు నిమిషంలో తేల్చారు. (ఒక్కో అంకె వేసి చూస్తూ పోయినా తేలిపోయేదని మా ఓనరు తర్వాత చెప్పాడు. ఆ వేళ నా బుర్ర పనిచేస్తే కదా.) నాలుగోది నా ముందుకి తోశారు. "ఇది నువ్వు చెయ్యి."

నాలుగు, ఎనిమిది, మూడు, అయిదు, ఒకటి, ఆ తర్వాత పసుపు. ఒకటి విడిచి ఒకటి కూడితే ఒక పక్క ఎనిమిది, రెండో పక్క పదమూడూ పసుపూ. అక్క మొదటిసారి నా వైపు చూసింది. "కుదరదండి పెదనాన్నా. పదమూడుకి ఎంత కలిపినా ఎనిమిది రాదుగా."

"తేడా సున్నాయే రావాలని ఎవరు చెప్పారు నీకు? ఏడో తరగతిలోనూ ఇక్కడే ఆగావు."

సున్నా అయినా రావచ్చు, పదకొండైనా రావచ్చు. పదమూడుకి ఆరు కలిపితే పంతొమ్మిది, అందులోంచి ఎనిమిది పోతే పదకొండు. "ఆరు" అన్నాను, గొంతు నాకే వినపడనంత చిన్నగా. అక్క కార్డు చూస్తూ తనే కీ కొట్టింది. తెర తెరుచుకుంది. తను చేసిన మొదటి పని రెండు చాప్టర్లూ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోవడం. రెండో పని నా నెత్తిన ఒక్క మొట్టికాయ వెయ్యడం. అంత హాయైన మొట్టికాయ నా జన్మలో తినలేదు.

ఆ ల్యాప్‌టాప్‌లో కొత్త సిస్టమ్ వెయ్యనే లేదు. అక్క అడగలేదు, నేను కదపలేదు. ఇప్పుడు నాకు అంగలకుదురు వైపు సొంత షాపుంది. ఎవరు వచ్చినా ముందు డేటా సంగతే అడుగుతాను, నా దగ్గర పనిచేసేవాళ్లు అది చాదస్తమనుకుంటారు. ఆ ల్యాప్‌టాప్ ఎప్పుడో పాతసామానులోకి పోయింది. కార్డు మాత్రం రేపల్లెలో దేవుడి గూట్లోనే ఉంది. పెద్దమ్మ ఏటా దసరాకి దానికి పసుపు రాస్తుంది, జాగ్రత్తగా, వెనక వైపు. వెళ్లినప్పుడల్లా దాన్ని తిప్పి, చివరి గుంపుని ఒకటి విడిచి ఒకటి కూడుకుంటూ, మెడలో పెన్‌డ్రైవ్ వేసుకుని తిరిగిన ఆ కుర్రాణ్ణి తలుచుకుని నవ్వుకుంటాను. వసారాలోంచి పెదనాన్న గొంతు వినిపిస్తుంది.

"శేషం ఎంతొచ్చిందిరా?"

"సున్నా అండి, పెదనాన్నా."