ఎడమ గ్రిప్పు

భూమన్నకు కాలు ఒకచోట నిలవదు. ఎవరి బర్రె ఎదకొచ్చిందని ఫోను వచ్చినా సరే, ముద్ద నోట్లో ఉండగానే బండి కిక్కు కొడతాడు. ఇల్లు బోధన్ పక్క పల్లెలో, తిరుగుడేమో వర్ని దాకా. పశువులకు చూడి కట్టే సూదులు వేసే గోపాలమిత్ర ఆయన. బర్రె ఎద మనిషి తీరిక కోసం ఆగదు మరి. ఆ పూట దాటిందా, రైతు మళ్లీ మూడు వారాలు కాచుకు కూర్చోవాలి. ఆ తొందరే ఆయన ఒంటికి పట్టింది. పెళ్లిపీటల మీద పంతుల్ని కూడా "జల్ది కానియ్" అన్నాడని పెళ్లాం గంగమణి ఇప్పటికీ ఆటపట్టిస్తుంది.

అలాంటి మనిషికి ఈ ఎండాకాలం నుంచి బండి హ్యాండిల్‌తో పంచాయితీ మొదలైంది. ఎడమవైపు గ్రిప్పు జారుతోంది. క్లచ్చు నొక్కబోతే చెయ్యి పక్కకు పోతోంది. బోధన్‌లో మెకానిక్ ఆత్మారాం దగ్గర ఒకసారి మార్పించాడు. కొన్నాళ్లకే గరుకు రబ్బరుది వేయించాడు. అదీ జారింది. ఇక లాభం లేదని దుకాణం ముందు నిలబడి గొంతు లేపాడు.

"ఏం మాల్ అమ్ముతున్నవ్ ఆత్మారాం! గీ గ్రిప్పు సబ్బుబిళ్ల లెక్క జారుతుంది."

ఆత్మారాం గ్రిప్పును రెండు చేతులా పట్టి మెలిపెట్టాడు. అది ఇసుమంత కూడా కదల్లేదు.

"గ్రిప్పు పక్కా ఉన్నదన్నా. నీ చెయ్యే ఒకసారి దవాఖానల సూపియ్యరాదు?"

"నా చేతికేమైంది? గీ ఇలాకల బర్రెలన్నీ గీ చేతితోనే సూడి కట్టినయ్! ఉత్త మాటలు బంద్ జెయ్. గా కొత్త జోడు ఇటు తే, నేనే ఎక్కించుకుంట."

ఆత్మారాం అబద్ధం చెప్పాడని కాదు ఆయన కోపం. ఎడమ చెయ్యి చిటికెన వేలు, ఉంగరం వేలు మొద్దుబారి చాలా రోజులైంది. మోచేతి కింద రాగిరంగు మచ్చ ఒకటి లేచింది. బర్రె లోపల తడిమి గర్భసంచిని పట్టుకునేది ఆ చేత్తోనే. మిగతా వేళ్లకు ఇంకా స్పర్శ తెలుస్తోంది కాబట్టి ఎలాగో నెట్టుకొస్తున్నాడు. షుగరు కావచ్చు, మెడ నరం కావచ్చు. కానీ ఆలోచన ఎటు తిరిగినా డిచ్‌పల్లి దగ్గరికే వచ్చి ఆగుతుంది. భూమన్న చిన్నప్పుడు మేనమామ బాపురావు వేళ్లు ఇలాగే మొద్దుబారితే డిచ్‌పల్లి కుష్ఠు దవాఖానకు తీసుకెళ్లారు. మామకు నయమైంది, తిరిగొచ్చాడు, వ్యవసాయం చేసుకున్నాడు. అయినా ఆయన పోయేదాకా ఊళ్లో ఒక్కరూ ఆ ఇంట్లో చాయ్ తాగలేదు. ఇప్పుడు తన పేరు కూడా అలా పాకితే ఏ రైతు కొట్టంలో కాలు పెట్టనిస్తాడు? ఈ పని తప్ప ఇంకేం చేతనవును? ఆ భయం లేచినప్పుడల్లా భూమన్న బండి తీసేవాడు.

ఇంట్లోనూ తీరు మారింది. మంచం వాకిట్లోకి మార్చాడు. తన గ్లాసు తానే కడుక్కుని వేరే పెట్టుకుంటున్నాడు. గంగమణి అడిగితే ఉక్కపోత అంటాడు. ఇదేదో అలక అనుకుని ఆమె కూడా బిగుసుకుంది.

మర్నాడు పొద్దున్నే పాత గ్రిప్పును బ్లేడుతో చీల్చి తీసేశాడు. కొత్త రబ్బరు వేడినీళ్లలో నానితే మెత్తబడి సులువుగా ఎక్కుతుంది. కట్టెల పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి.

"దించి, జర సల్లారనియ్," అంది గంగమణి.

చల్లారేదాకా ఆగితే ఆయన భూమన్న ఎలా అవుతాడు? పొయ్యి ముందు గొంతుక్కూర్చుని, కుడిచేత్తో గరిటె పట్టుకుని, అడుగున మునిగిన గ్రిప్పు కోసం వెతకసాగాడు. గరిటెకు అందినట్టే అంది రబ్బరు జారిపోతోంది. తిట్టుకుంటూ ఇంకాస్త ముందుకు వంగాడు.

"ఓయ్, చెయ్యి! చెయ్యి కాలుతుంది, తియ్!" గంగమణి కేక పెట్టింది.

ఏ చెయ్యి అన్నట్టు ఆమె వంక చూశాడు. ఆ తర్వాతే తల దించాడు. ఎడమ చేతి అంచు గిన్నెకు ఆనుకుని ఉంది. తీసి చూస్తే చిటికెన వేలి పొడవునా చర్మం ఎర్రగా ఉబ్బింది.

గంగమణి పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకోబోయింది. ఆయన వెనక్కి లాక్కున్నాడు.

"ముట్టకు! ముట్టకే నన్ను!"

కాలిన నొప్పితో అరిచిన అరుపు కాదది. వాకిట్లో మంచం, వేరే గ్లాసు, అన్నీ ఒక్కసారిగా గంగమణికి అర్థమయ్యాయి.

"బాపురావు మామ లెక్కనా?" అని మెల్లగా అడిగింది.

ఆమె మళ్లీ చెయ్యి చాచి, ఈసారి గట్టిగా మణికట్టు దొరకబుచ్చుకుని చన్నీళ్లు పోసింది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నా తిట్టడం ఆపలేదు.

"గిదానికా నువ్వు నాకు దూరం దూరం పోతున్నవ్? నా మీద మనసు ఇరిగిందేమో అనుకున్న. గదైనా మందులున్నయ్, షుగరైనా మందులున్నయ్. ఏందో తెల్వాలె గదా. పా, పోదాం."

"ఎవలన్న సూస్తే?"

"సూడనీ."

అంతలో ఫోను మోగింది. వర్ని దగ్గర కాలవ కింద పొలాలున్న చెంచురామయ్యది. వాళ్ల తాతల కాలంలో గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. భూమన్న చెయ్యి వదలకుండానే గంగమణి ఫోనెత్తి స్పీకర్‌లో పెట్టింది.

"ఏమయ్యా భూమన్నా, మా గేదె ఎదకొచ్చింది. త్వరగా వచ్చెయ్యి."

"నేను గంగమణిని సారూ. ఆయన ఇయ్యాల రాడు. దవాఖానకు పోతున్నం."

"అయ్యయ్యో, ఏ హాస్పటలుకమ్మా?"

ఆమె నోరు తెరిచి ఆగిపోయింది. బోధన్ అనొచ్చు, నిజామాబాద్ అనొచ్చు. ఏదన్నా చెంచురామయ్య నమ్ముతాడు. మొగుడి మొహంలోకి చూసింది. ఏం చెప్పమంటావన్నట్టు మళ్లీ చూసింది. అవతల చెంచురామయ్య "హలో, హలో" అంటున్నాడు. మాట మధ్యలో ఎవరు నిలిచిపోయినా భూమన్నకు ప్రాణం మీదికొస్తుంది.

"డిచ్‌పల్లికని సెప్పరాదే, గంత సేపా!" అని అరిచాడు.

అరిచాకగానీ తానేమన్నాడో ఆయనకు తెలియలేదు. అవతల చెంచురామయ్య ఏమైందని కూడా అడగకుండా "సరేనమ్మా" అని మాత్రం అన్నాడు.

"పెట్టేసిండా?"

"పెట్టేసిండు."

పొయ్యి మీద నీళ్లు ఇంకా మరుగుతూనే ఉన్నాయి. ఆయన లేచి నిలబడ్డాడు. చెయ్యి మాత్రం ఆమె చేతిలోనే ఉంచాడు.

"పెట్టనియ్. సెప్పులేసుకో, బస్సు పోతది," అన్నాడు.