అవ్వ పలకకూడని ఊరు పేరు

భద్రాచలంలో మేం డిగ్రీ చదివేటప్పుడు కాలేజీ లైబ్రరీకి కొత్తగా కంప్యూటర్ వచ్చింది. అంతకుముందు చెక్క సొరుగుల్లో కార్డులు తిరగేసేవాళ్లం. ఇప్పుడు పేరు కొడితే చాలు, పుస్తకం ఏ బీరువాలో ఉందో అదే చెబుతుంది. లైబ్రేరియన్ సారు దానికి పసుపు కుంకుమ పెట్టి, మాచేత చెప్పులు విప్పించి మరీ కూర్చోబెట్టేవారు. పరీక్షల గైడ్లు తప్ప ఏమీ వెతకని మాకు ఆయన హడావిడి చూస్తే నవ్వొచ్చేది.

హాస్టల్లో నా గదిలో ఉండే స్నేహితురాలికి మాత్రం దానితో నిజంగానే పని పడింది. వాళ్లది ములకలపల్లి వైపు కోయ ఊరు. వాళ్ల అవ్వ కోడలిగా అడుగుపెట్టిన పాత ఊరు వాగు అవతల, అడవి లోపల ఉండేదట. మశూచి వచ్చి ఊరు ఊరంతా లేచిపోయింది. అవ్వ మామ, పెనిమిటి, ఇద్దరు పిల్లలు అక్కడే మట్టిలో ఉన్నారు. తను పోతే వాళ్ల పక్కనే పెట్టాలని అవ్వ కోరిక. అడవి ఆఫీసరును అడిగితే ఒప్పుకోలేదు.

"ఆడ ఊరెక్కడిది? ఏ పుస్తకంలనన్న రాసుంటే పట్టుకరార్రి, చూద్దం" అన్నాడు.

నా స్నేహితురాలు ఆ మాటనే పట్టుకుంది. కంప్యూటర్లో ఇప్పటి ఊరు పేరు కొట్టింది, వాగు పేరు కొట్టింది. ఏమీ రాలేదు. "పాత పేరు కావాలమ్మా. అది తెలుసుకొని రా, ఇందులో దొరకనిదంటూ ఉండదు" అన్నారు సారు.

పాత పేరు తెలిసినవాళ్లలో మిగిలింది అవ్వ ఒక్కతే. ఆమె చెప్పదు. ఆ ఊరు కట్టిన పెద్ద ఆమె మామే, ఊరికి పెట్టిందీ ఆయన పేరే. కోడలు మామ పేరు నోట పలకకూడదు. అందుకని ఇన్నేళ్లూ "పాత ఊరు" అనే నెట్టుకొచ్చింది, బతికి మిగిలిన ఒక్క కొడుక్కి కూడా చెప్పలేదు.

ఒకసారి దవాఖానా పని మీద అవ్వ భద్రాచలం వస్తే లైబ్రరీకి తీసుకొచ్చాం. సారు కీబోర్డు మీద వేళ్లు పెట్టి, "పేరు చెప్పవ్వా" అన్నారు. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నేను అనొద్దు సారూ. కోడల్ని గద."

"నువ్వు చెప్తెనే నిన్ను ఆడికి తీసుకపోతమవ్వా. జర చెప్పే" అని మనవరాలు బతిమాలింది.

అవ్వ లేచి నిలబడి, కొంగు తీసి, ఆ పేరు పలికింది. పలికి చెంపలేసుకుంది. నాకు ఏడుపు ఆగలేదు. ఆ పేరు నేనూ ఇక్కడ రాయను.

సారు కొట్టారు. ఒక్క పుస్తకం లేదు. ఇంగ్లీషు అక్షరాలు అటూ ఇటూ మార్చి కొట్టారు. లేదు. దిక్కుమాలిన యంత్రం! దానికి తెలిసినవి అట్టల మీద పేర్లే, లోపలి పేజీల్లో ఏముందో దానికేం పట్టింది? పదిళ్ల ఊరు పేరు అట్ట మీద ఎవరు వేస్తారు? ఆ ముక్క సారు అప్పుడు నసుగుతూ చెప్పారు.

"ఏమన్నది?" అంది అవ్వ.

"లేదంట అవ్వా."

"అన్న గదనే బిడ్డా. మల్లోసారి అనాల్నా?"

నా స్నేహితురాలు అవ్వ చెయ్యి పట్టుకొని బయటికి నడిపించింది.

ఆ తర్వాత మేమిద్దరం కంప్యూటర్ జోలికి పోలేదు. పాత సర్వే పుస్తకాలు దించుకొని, దుమ్ముకు తుమ్ముకుంటూ పేజీ పేజీ తిరగేశాం. వానలు మొదలయ్యేలోపు దొరికింది. వాగు పేరు, దాని పక్కనే ఊరు పేరు, ఒకే ఒక్క వరస. జిరాక్స్ తీసి చూపిస్తే ఆఫీసరు సరేనన్నాడు. నా స్నేహితురాలు ఎగురుకుంటూ ఇంటికి పోయింది, నన్నూ లాక్కుపోయింది. అవ్వ అప్పటికే మంచం పట్టి ఉంది. అంతా విని తల అడ్డంగా ఊపింది.

"వద్దు బిడ్డా. నన్ను ఈడనే పెట్టుర్రి. ఆడ మామ ఉంటడు. పేరు వెట్టి పిలిచిన గద, ఏం మొకం వెట్టుకోని ఆయన కాడికి పోవాలె?"

ఎంత చెప్పినా వినలేదు. పోయాక కొత్త ఊరి ముందు, తారురోడ్డు పక్కనే పెట్టారు అవ్వను. పెనిమిటి, పిల్లలు వాగు అవతలే ఉన్నారు.