కిడ్నీ అనుకుని పంపిన ముక్క

మనిషి వీపులోకి రెండుసార్లు సూది దించి, కిడ్నీ ముక్క తీశానని ఆస్పత్రంతా చాటుకుని, తీరా చూస్తే వీపు కండ పట్టుకొచ్చిన మహాతల్లిని నేనే. నవ్వండి, ఫరవాలేదు. ఆ వారం నాకు మాత్రం తిన్నది ఒంటికి పట్టలేదు.

రాజమండ్రిలో కిడ్నీ డాక్టరుగా చేరిన కొత్త. పెద్ద డాక్టరుగారు పక్కన లేకుండా నేను చేసిన మొదటి బయాప్సీ అది. పేషెంటు చిట్టిరాజుగారికి భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్నాయి. కాళ్లు ఉబ్బాయి, కిడ్నీ వడపోసి పారేయాల్సిన క్రియాటినిన్ రక్తంలో రోజురోజుకీ పెరుగుతోంది. ముక్క తీసి చూస్తేగాని ఏ మందు వేయాలో తెలియదు. ఆలస్యమైతే ఇక డయాలసిస్సే.

ఆయన్ని బోర్లా పడుకోబెట్టి, పొట్ట కింద దిండు పెట్టి, వీపు వరకు మత్తు ఇచ్చి, స్కానింగులో చూస్తూ సూది దించాను.

"ఊపిరి బిగబట్టండి!"

"ఎంతసేపండి?"

"మాట్లాడకూడదండి!"

"మాట్లాడలేదండి, అడిగానంతే."

ఈ గోలలో నాకు కంగారెక్కువై సూది మీట టక్కుమని నొక్కేశాను. ఇంకోసారి టక్కు. సన్నటి దారాల్లాంటి ముక్కలు రెండొచ్చాయి. మా టెక్నీషియన్ నాగమణిగారు మైక్రోస్కోపు దగ్గరికి లాక్కున్నారు. కిడ్నీ ముక్కలో రక్తాన్ని వడపోసే చిన్న చిన్న ఉండలుంటాయి. అవి తగినన్ని పడ్డాయో లేదో అక్కడికక్కడే చూడటం ఆవిడ పని.

"ఒక్కసారి చూసేస్తానండి."

"అక్కర్లేదండీ. చూడగానే తెలియట్లా? కిడ్నీయే!"

"ఒక్క నిమిషమేనండి మేడం..."

"నాగమణిగారూ, నేనూ చదువుకునే వచ్చానండి."

ఆవిడ నోరు, ముక్కలు వేసి ల్యాబుకి పంపే నా సీసా మూత ఒకేసారి మూసుకున్నాయి.

మర్నాటి నుంచి నాకు కాలు నిలవలేదు. గంటకి పదిసార్లు ఫోను చూడటం, చిట్టిరాజుగారి మంచం దాకా వెళ్లి వెనక్కి రావడం. చివరికి ల్యాబు నుంచి పెథాలజీ డాక్టరుగారు ఫోను చేశారు. వయసులో పెద్దాయన.

"అమ్మా, ఈ పేషెంటు బాగా కష్టపడే మనిషా?"

"అవునండి, పొద్దస్తమానం చెరువుల మీదే తిరుగుతారట. కిడ్నీ చూస్తే అది కూడా తెలుస్తుందాండీ?"

"కిడ్నీ ఎక్కడుందమ్మా? నువ్వు పంపింది కండ. దివ్యంగా ఉంది."

భూమి చీలితే బాగుండుననుకున్నాను. చీలలేదు, మా ఆస్పత్రిలో గట్టి గ్రానైటు వేశారు. ఆ ఉదయమే చిట్టిరాజుగారి క్రియాటినిన్ ఇంకాస్త పెరిగింది. నా గొప్పకి ఆయన కిడ్నీ బలైపోతుందేమోనని ఏడుపొచ్చినంత పనైంది. నాగమణిగారిని వెంటబెట్టుకుని వెళ్లి చెప్పేశాను.

"తప్పు నాదండి. కిడ్నీ పడలేదు. మళ్లీ తీయాలి."

ఆయన మంచం మీద లేచి కూర్చున్నారు.

"రొయ్యలు పట్టేముందు మేం ఏం చేత్తామో తెలుసాండి? ఓ వల ఇసిరి, పడ్డవి గట్టు మీద పోసి చూసుకుంటాం. ఆ తర్వాతేనండి లారీకి ఫోను. మీరేంటండీ బాబూ, వల్లో ఏం పడిందో చూడకుండానే లారీ పంపించేశారు?"

"ఈసారి చూస్తానండి."

"మీరొద్దండి. ఆవిడ చూడాలి." ఆయన వేలు నాగమణిగారి వైపు తిరిగింది.

రెండోసారి పెద్ద డాక్టరుగారు పక్కనే నిలబడ్డారు. ముక్క తీయగానే నాగమణిగారు మైక్రోస్కోపు మీదకి వంగారు. గదిలో అందరం ఊపిరి బిగబట్టాం, చిట్టిరాజుగారు తప్ప.

"పడ్డాయాండీ?" దిండులోంచి గొంతు.

"పన్నెండు ఉండలు కనపడుతున్నాయండి!"

"అయితే లారీ పంపెయ్యండి."

మందులకి లొంగే జబ్బేనని తేలింది. ఆర్నెల్లకి ఆయన మామూలు కాళ్లతో, చేతిలో రెండు ఐసు పెట్టెలతో వచ్చారు.

"మా చెరువు రొయ్యలండి. మీకోటి, నాగమణిగారికోటి. మూత తీసి చూసుకోండి."

"అయ్యో, మీ మీద నమ్మకం లేకనాండీ!"

ఇంటికెళ్లి, మా అత్తగారి ముందు గొప్పలు పోతూ ఉల్లిపాయలు వేయించి, మసాలా నూరి, పెట్టె తెరిచాను. ఐసు. తవ్వాను. దాని కింద కూడా ఐసే. వెంటనే ఫోను కలిపాను.

"చిట్టిరాజుగారూ, పెట్టెలో రొయ్యల్లేవండీ!"

"తెలుసండి. మీ వాటా కూడా నాగమణిగారి పెట్టెలోనే ఉంది. ఆవిడ మూత తీసి చూశాకే తీసుకున్నారండి."

కాబట్టి, రొయ్యలు పడని ఆ మూకుడు సాక్షిగా, మా అత్తగారి ఎదుట ప్రమాణం చేశాను: సీసా అయినా, పెట్టె అయినా, ఆఖరికి పెరుగు గిన్నె అయినా, లోపలేముందో నాగమణిగారు చూసి సరేననే దాకా నేను మూత ముట్టుకోను.