పాసింగ్ కార్డుల కింద దాచిన వణుకు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, బూర్గంపాడు అంగట్లో నా అంత బేరగాడు లేడు! తాత కాలం నుంచి మాది కిరాణా కొట్టు. అట్లాంటి నేను సాక్షాత్తు దేవునితోనే బేరమాడిన: "ప్రభువా, ఆదివారం ఒక్కరోజు తాగను, మందిరంలో కీబోర్డు వాయిస్తా, మిగతా ఆరు రోజులు నావి." ఆయన ఏమీ అనలేదు. అనలేదంటే ఒప్పుకున్నట్టే అని సంబరపడి, ఆ బేరం మీదనే ఏడేళ్లు బతికిన!

అయితే తాగని పొద్దు చేతులు వణుకుతయి కదా. కీబోర్డు మీద ఒక్క కార్డు, అంటే మూడు నాలుగు స్వరాలు కలిపి ఒక్కసారే నొక్కేది, పట్టి నిలిపితే ఆ వణుకు అందరికీ వినబడుతది. అందుకని పాసింగ్ కార్డులు నేర్చుకున్న. పాట ఒక కార్డు నుంచి ఇంకో కార్డుకు పోయే దారిలో, రంగు కోసం చిటికెలో వచ్చిపోయే చిన్న కార్డన్నట్టు. జీ అనే కార్డు నుంచి ఏ మైనర్ అనే కార్డుకు పోతూ మధ్యలో జీ షార్ప్ డిమినిష్డ్ తగిలిస్తే పాట ఒక మెట్టెక్కినట్టుంటది. మా కొట్టులో తూకమయ్యాక పిడికెడు కొసరు వేస్తం చూడండి, గట్ల. నేనేమో సరుకు కంటే కొసరే ఎక్కువ పోసిన! వేళ్లు ఒక్కచోట ఆగవు, వణుకు ఎవరికీ దొరకదు, పడుచు పిల్లలు ఫోన్లలో వీడియోలు తీస్తుంటే ఎంత పొంగిపోయిననో!

మా సంఘంలో పాట ఎత్తేది ముత్తమ్మ అవ్వ, అడవి అంచు గూడెం నుంచి ఆటోలో వస్తది. ఒక ఆదివారం నడి పాటలో ఆపేసి నా దిక్కు తిరిగింది.

"ఏంది బిడ్డా, నేను ఊపిరి తీసుకునే సందు కూడా ఇయ్యవా? ఒక్కటే పట్టుకొని ఉండు, నేను పాడతా."

"అది పాత పద్ధతి అవ్వా."

"అవ్, నేనూ పాతదాన్నే. పట్టు."

అందరూ నవ్విన్రు. పట్టిన. అవ్వ రెండు మాటలు పాడేలోపే నా వేళ్ల కింద శబ్దం తెగితెగి పడ్డది, సంఘమంతా విన్నది, ఆడవాళ్ల వరుసలో మా ఇంటామె తల వంచుకుంది. అవ్వ మాత్రం పాట ఆపలేదు సహోదరులారా, దగ్గరికొచ్చి నా చేతి మీద చెయ్యి పెట్టి చివరి చరణం దాకా పాడింది!

అక్కడే మోకరించిన. "ప్రభువా, ఇక బేరం లేదు. నీ ధర ఎంతైతే అంత."

తెల్లారి మా ఇంటామె, అవ్వ కలిసి నన్ను భద్రాచలం దవాఖానాకు తీసుకపోయిన్రు, డాక్టరు మందులిచ్చిండు, సంఘం ఉపవాసముండి ప్రార్థించింది, నా దేవుడు నన్ను లేపి నిలబెట్టిండు! రెండేళ్లయింది, చుక్క ముట్టలేదు, దేవునికే మహిమ! ఇప్పుడు పాట మొత్తంలో ఒక్కటే పాసింగ్ కార్డు వేస్తా, అవ్వ ఊపిరి తీసుకునే చోట. "గిది తియ్యగుంది బిడ్డా, ఇంకోటి వెయ్యి" అంటది. నేనే వెయ్యను!

ఇంకా బేరాలాడుతున్న అన్నలారా, తమ్ములారా, ఆయన దగ్గరికి రండి. ధర తగ్గదు గానీ తూకంలో మోసం లేదు. నా బిల్లు ఉన్నదున్నట్టు చెప్తా. ఏడేళ్లు పోయినయి, అవి తిరిగి రావు. ఎడమ చిటికెన వేలు ఇప్పటికీ కొంచెం వణుకుతది. విడుదలకు నేను కట్టింది ఏమీ లేదు, ధరంతా ఆయనే కట్టిండు, నేను ఖాళీ సంచితో పోయిన. కొట్టు మూసి ఇంటికి రాగానే మా ఇంటామె నా నోటి వాసన చూసేది; ఆ పని మానేసి మొన్నటికి నెల. అది నేను అడగలేదు, ఆయన వేసిన కొసరు.